పెంకు రాయుడిది

సోమందేపల్లె నేతగాళ్ల వీధిలో తెల్లారితే ముందు కసువు ఊడుస్తారు, తర్వాత బోరింగు కాడ బిందెలు వరస పెడతారు, ఆ తర్వాత మగ్గం గుంతల్లోకి దిగుతారు. కుళ్లాయప్ప ఇంట్లో మాత్రం మనిషి కంటే ముందు కోడి దిగాల. బూడిద రంగు పెట్ట అది. నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంతలో, తొక్కుడు కర్రల పక్కన పరిచిన పాత గోనెసంచి మీద తనకు తోచినంతసేపు కూర్చుంటుంది. అది లేచి ఒళ్లు దులుపుకొని బయటికి పోయేదాకా కుళ్లాయప్ప గడప మీద బీడీ కాల్చుకుంటా కాచుకోవాల.

"అయ్యిందా దొరసానికి?" అని అడుగుతాడు లోపలికి.

"ఇంగా లేదు. నీకేం తొందర, ఎట్లాగూ కరెంటు లేదు, గుంతలో చీకటి," అంటుంది పెండ్లాం రామాంజినమ్మ పొయ్యి కాడ నుంచి.

కాసేపటికి కోడి కొక్కొక్కోమని వీధికంతా చెప్పుకుంటా బయటికి వస్తుంది. రామాంజినమ్మ గుంతలోకి వంగి గుడ్డు తీస్తుంది. ఒకనాడు అలసంద పూవు రంగు. ఒకనాడు పండిన కాకరకాయ గింజ ఎరుపు. ఒకనాడు రాగి సంకటి రంగు, ఇంకొకనాడు తుమ్మ జిగురు రంగు. ఒకసారి వచ్చిన రంగు మళ్లీ రాదు. రేపు ఏం రంగు వస్తుందో అడిగితే కోడే చెప్పలేదు. వీధిలో ఆడోళ్లు బోరింగు కాడ, ఈ పొద్దు ఏం కూర అన్నట్టే, ఈ పొద్దు ఏం రంగు అని అడుగుతారు. చెప్తే ఊ అంటారు. పశువుల డాక్టరు ఒకసారి వచ్చి గుడ్డును వెలుతురుకు పట్టి చూసి, సున్నం తక్కువైంది, దాణాలో కొంచెం ముగ్గుపిండి కలపండి అని చెప్పి పోయినాడు. కలిపినారు. గుడ్డు ఆ మరుసటిరోజు నెమలి మెడ రంగులో వచ్చింది, అంతే.

ఆ గుడ్డు కోసం హనుమంతరాయుడు వస్తాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చంకలో తోలుసంచి, వెనక సెంటు వాసన. రాయుడు నేతగాడు కాడు. వాళ్లది భూములున్న కుటుంబం. వానలు మానేసి చెనిక్కాయ పైరు నాలుగేండ్లు వరసగా ఎండిపోతే, బోర్లు వేసి వేసి విసిగి, భూమిని దాని ఖర్మకు వదిలేసి వీధిలో మగ్గాలు పెట్టించినాడు. పట్టు ఆయనది, జరీ ఆయనది, మగ్గం కర్రలు కూడా ఆయనవే. నేసే చేతులు ఒకటే నేతగాళ్లవి.

"మగ్గం నాది. మగ్గం గుంత నాది. గుంతలో పెట్టిన గుడ్డు నాది కాక ఎవురిదిమే?" అన్నాడు మొదటిరోజే.

రామాంజినమ్మ గుడ్డు తెచ్చి చేతికిచ్చింది. ఆమె నలుగురిలో నోరు తెరిచే మనిషి కాదు. అయితే రాయుడు మరీ అన్యాయస్తుడు కాడని వీధిలో పేరు తెచ్చుకోవాల కదా. అందుకని గుడ్డు తీసుకుపోయి, కొనకు బెజ్జం పెట్టి, లోపలి సొనను గాజుగ్లాసులోకి వంచి, ఆ గ్లాసు తిరిగి పంపిస్తాడు. పెంకు రాయుడిది, సొన రామాంజినమ్మది. గ్లాసు కడిగి మళ్లీ పంపాల. మరిచిపోతే మనిషి వస్తాడు గ్లాసు కోసం.

పెంకు నేరుగా రంగులద్దే ఈరప్ప దగ్గరికి పోతుంది. ఈరప్ప చేతులు మోచేతులదాకా ఏ రంగో చెప్పలేని రంగులో ఉంటాయి. ఆయన పెంకును కిటికీలో పెట్టుకొని, పట్టు దారాల చిలప రంగులో ముంచి, ఆరబెట్టి, పక్కన పెట్టి చూసి, మళ్లీ ముంచుతాడు. ఆ రంగు చీరలు బెంగుళూరు పోతాయి. పోయినవి పోయినట్టు అమ్ముడుపోతాయి. అక్కడ అంగళ్లలో రాయుడు కాలు మీద కాలు వేసుకొని, "రంగు ఊరికే రాదప్పా. నాలుగు దినాలు అన్నం సయించల్యా నాకు. కండ్లు మూసుకుంటే అదే రంగు," అని చెప్తాడు. కోడి మాట ఎత్తడు. ఎత్తితే అంగడోళ్లు కోడికే వక్కాకు ఇచ్చి కూర్చోబెడతారని భయం.

అసలు సంగతేమంటే, రాయుడికి రంగు ఎంచడం చేతకాదు. పెండ్లాం రెండు గాజులు చూపించి ఏది బాగుంది అంటే చెమటలు పడతాయి. తన బుద్ధితో తాను ఒక్కటే ఒక్కసారి రంగు ఎంచినాడు. అది కోడి రాకముందు మాట, తొంభై ఏడులో. పొలం గట్టు మీద నిలబడి, వాన పడని తన చేనును చూసి, "ఈ రంగు ఎవురూ వెయ్యల్యా, మనం వేస్తాం" అన్నాడు. ఎరుపు కాదు, మన్ను రంగు కాదు, ఎండిన చెనిక్కాయ పొట్టు మీద దుమ్ము పడితే ఎట్లుంటుందో అట్లాంటి రంగు. వీధిలో సగం మగ్గాల మీద అదే ఎక్కింది. ఒక్క చీర పోలేదు. బెంగుళూరు నుంచి మూట మూటగా తిరిగొచ్చినాయి. వాకిట్లో నిలబడితే కనబడే కరువును ఒంటికి చుట్టుకోమంటే ఎవరు చుట్టుకుంటారు?

శావుకారు తప్పు చేస్తే ఆ తప్పుకు ఇంకొక మనిషి కావాల. వీధిలో ఒక పద్ధతి ఉంది. నిలువు దారాల కొత్త పడుగు వచ్చినప్పుడు మగ్గం మీది పాత పడుగు కొసలకు కొత్త దారాలను ఒక్కొక్కటే కలిపి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతకాల. మొదటి దారం ఏ చెయ్యి అతుకుతుందో ఆ చేతి గుణం చీరలకంతా వస్తుందని నమ్మకం. అప్పట్లో వీధికంతా రామాంజినమ్మ చెయ్యే కావాలి. ఆ దుమ్ము రంగు పడుగులన్నిటికీ మొదటి దారం ఆమే అతికింది. చీరలు తిరిగొచ్చిన రోజు రాయుడు వీధి నడుమ నిలబడి, "రంగుకేమైంది? రంగు బంగారం. అతికిన చెయ్యి మంచిది కాదు," అన్నాడు.

ఒక్క మాట. అన్నది శావుకారు కాబట్టి అది మాట కాదు, చట్టం.

అప్పటినుంచి రామాంజినమ్మ పడుగు ముట్టలేదు. ముట్టకపోవడమే కాదు, ఎవరింట్లో కొత్త పడుగు అతికినా ఆ పక్కకు పోకూడదు. చివరికి తన ఇంట్లో తన మొగుడి మగ్గానికి పడుగు వచ్చినా, అతికేంతసేపు బయటికి పోయి బోరింగు కాడ నిలబడాల. ఎదురింటి నాగలక్ష్మమ్మ వచ్చి మొదటి దారం అతుకుతుంది. నాగలక్ష్మమ్మ అతుకులు రెండో మూరకే తెగుతాయి. కుళ్లాయప్ప తిట్టుకుంటా మళ్లీ ముడేసుకుంటాడు. అయినా ఆమె చెయ్యి మంచిది, రామాంజినమ్మది కాదు. ఎండలో బోరింగు కాడ ఊరికే నిలబడలేక రామాంజినమ్మ ఖాళీ బిందె ఒకటి పట్టుకుపోయేది. నీళ్లు రాని బోరింగును కొట్టేది. చూసేవాళ్లకు ఏదో పని మీద వచ్చినట్టు ఉండాల కదా.

ఆమెకు ఒకటే కోరిక. తన ఇంట్లో, తన మగ్గానికి, తన చేత్తో ఒక్క పడుగు అతకాల. అది ఎవరితోనూ అన్నది లేదు. కోడితో కూడా.

ఇట్లా ఏండ్లు పోయినాయి. కోడి పెట్టింది పెట్టినట్టు రాయుడు మిద్దె మీద మిద్దె వేసినాడు. అప్పుడు బెంగుళూరు నుంచి ఆయన బామ్మర్ది కిరణ్ దిగినాడు. ఒక పెట్టె, పెట్టె మీద ఇంకొక పెట్టె, ఒక బల్ల, బల్లకు చక్రాలు. కంప్యూటరు. మిద్దె మీద గదికి చల్లమిషను కూడా పెట్టించినాడు, పెట్టెకు ఉక్క పోస్తుందంట. కింద గదిలో మనుషులు ఉలవగుగ్గిళ్లలాగా ఉడుకుతున్నారు.

"బావా, కోడి గుడ్డు నమ్ముకొని వ్యాపారమా? నవ్వుతారు," అన్నాడు కిరణ్. "ఇది చూడు. ఈ మీట నొక్కు. ఏదో ఒక రంగు వస్తాది. మళ్లీ నొక్కు, ఇంకోటి. ఒక కోటి అరవై లక్షల రంగులు ఉండాయి దీంట్లో."

"అన్ని రంగులు లోకంలో ఉండాయేమప్పా?" అన్నాడు రాయుడు.

"లోకంలో లేకపోయినా దీంట్లో ఉండాయి."

రాయుడికి ఆ మాట భలే నచ్చింది. ఆ రోజునుంచి గుడ్డు కోసం రాలేదు. గ్లాసు కోసం కూడా రాలేదు. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకొని, మిద్దె ఎక్కి, మీట ముందర కూర్చునేవాడు. నొక్కినాడు, ఒక నీలం వచ్చింది. బాగుండాది అనుకున్నాడు. అంతలో, ఇంకోసారి నొక్కితే ఇంతకంటే మంచిది వస్తుందేమో అనిపించింది. నొక్కినాడు. పసుపు. దీనికంటే నీలమే మేలేమో! నీలం కోసం నొక్కితే బచ్చలి పండు రంగు వచ్చింది. పోయిన నీలం మళ్లీ రాదు. కోడి అయితే దినానికి ఒకటే పెడుతుంది, నచ్చినా నచ్చకపోయినా అదే, నోరు మూసుకొని తీసుకుపోవాల. ఈ పెట్టె ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు పెడుతుంది. చాలు అని చెప్పాల్సింది మనిషే. ఆ ఒక్క మాట చెప్పే గుండె రాయుడికి లేదు.

మధ్యాన్నానికి బొటనవేలు వాచింది. కరెంటు పోయింది. కరెంటు వచ్చేటప్పటికి తెర మీద రంగు ఏదో ఎవరికీ గుర్తులేదు.

"ఏమప్పా, ఏమన్నా కుదిరిందా?" అని ఈరప్ప కింద నుంచి అరిస్తే, "ఉండు, వస్తాండాది," అని పైనుంచి జవాబు. కాన్పు గది ముందర మొగుడు చెప్పినట్టు. వీధి వీధంతా రంగులో ముంచని పట్టును ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మగ్గాలు ఆగిపోయినాయి.

ఇక్కడ కోడి తన పని తాను చేసుకుపోతానే ఉంది. రామాంజినమ్మ గుడ్లను తీయలేదు. మొదటిసారిగా అడిగేవాడు లేడు. గుంతలో గోనెసంచి మీద రంగురంగుల గుడ్లు కూడినాయి. నాటుకోడికి గుడ్లు కూడితే ఏం చేస్తుంది? వాటి మీద రెక్కలు పరుచుకొని పొదగడానికి కూర్చుంది. ఇన్నేండ్లలో దానికి ఆ ముచ్చట తీరలేదు. మగ్గం ఎట్లాగూ ఆగిపోయింది కాబట్టి కుళ్లాయప్ప కూడా దాన్ని లేపలేదు. రామాంజినమ్మ దాని ముందర చిప్పలో నీళ్లు, ఇన్ని నూకలు పెట్టి, పొద్దుపోయేదాకా దాన్ని చూస్తా కూర్చునేది.

అట్లాంటప్పుడు బెంగుళూరు అంగడి మనిషి సుంకప్ప జీపులో దిగినాడు. ఆషాఢం పోతే పెండ్లిండ్లు. కొత్త రంగు కావాల, ఈ పొద్దే కావాల, లేదంటే ధర్మవరం పోతాను అన్నాడు. రాయుడు ఆయనకు కాఫీ ఇచ్చి మిద్దె ఎక్కినాడు. నొక్కినాడు, నొక్కినాడు. బామ్మర్ది పక్కన నిలబడి, "ఇదే కానీ బావా. ఇది కానీ. పోనీ ఇది," అంటా ఉన్నాడు. రాయుడి విభూతి చెమటకు కారి మీసాల్లోకి వచ్చింది. అంతలో కరెంటు పోయింది.

రాయుడు దిగినాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. నేరుగా కుళ్లాయప్ప ఇంటికి వచ్చినాడు. వెనక కిరణ్, వెనక సుంకప్ప, కిటికీలో ఈ ఊరేగింపు చూసి లేచొచ్చిన ఈరప్ప, ఈరప్ప వెనక వీధి.

"మే రామాంజీ, గుడ్డు యాడ?"

"పెట్ట పొదుగుతాండాది అన్నా."

"పొదుగుతాండాదా? ఎవురు పొదగమన్నారు దాన్ని?"

కుళ్లాయప్ప దగ్గినాడు. అది నవ్వో దగ్గో తెలీలేదు.

రాయుడు గుంత అంచున మోకాళ్ల మీద కూర్చొని చెయ్యి లోపలికి పెట్టినాడు. కోడి ఒక కంటితో ఆయన్ను చూసింది. కోడికి ఉండేది అంత తల, ఆ తలలో అంత కన్ను, అయినా మనిషిని అంత తక్కువగా చూడొచ్చని అప్పుడే వీధికి తెలిసింది. తర్వాత పొడిచింది. రాయుడు కేక వేసినా చెయ్యి తీయలేదు. ఒక గుడ్డు దొరికించుకొని బయటికి లాగినాడు.

ఎరుపు కాదు. మన్ను రంగు కాదు. ఎండిన చెనిక్కాయ పొట్టు మీద దుమ్ము పడితే ఎట్లుంటుందో, ఆ రంగు.

వీధిలో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ రంగును వాళ్లు నేసినారు, మోసినారు, తిరిగొచ్చిన మూటల్లో చూసినారు. రామాంజినమ్మ ముఖం ఎండు గడ్డిలాగా అయిపోయింది. ఇంక రాయుడు ఏమంటాడో ఆమెకు తెలుసు. రంగు బంగారమని కోడే చెప్పె, ఇంక తప్పు అతికిన చేతిది కాక ఎవరిది? రాయుడు నోరు తెరిచేలోపల ఆయన బొటనవేలు గుడ్డు కొనను తడమడం ఆమె చూసింది. బెజ్జం పెట్టే అలవాటు.

"పగలగొట్టద్దన్నా!" అన్నది రామాంజినమ్మ. గట్టిగానే అన్నది. వీధిలో ఆమె గొంతు అంత పెద్దగా విన్నవాళ్లు లేరు. "దాంట్లో పిల్ల ఉండాది."

"పిల్ల ఉంటే నాకేమి, పెంకు కావాల నాకు."

సుంకప్ప ముందుకు వచ్చి గుడ్డును వెలుతురులోకి తిప్పినాడు. "అబ్బా! ఇదీ రంగంటే. డెజర్ట్ కలరు, ఎడారి రంగు. బెంగుళూరులో ఆడోళ్లు దీనికోసం చచ్చిపోతాండారు ఇప్పుడు. ఎప్పుడిస్తారు?"

బెంగుళూరులో ఆడోళ్లకు ఏం. రెండు పూటలా కొళాయి తిప్పితే నీళ్లు. వాకిట్లో పూలకుండీలు. వాళ్లకు కరువు కూడా కట్టుకుంటే అందమే.

కానీ రాయుడికి ఆ మాట చెవుల్లో అమృతం పోసినట్టు అయ్యింది. "ఎప్పుడేమప్పా, ఇప్పుడే!" అన్నాడు. గుడ్డును కుళ్లాయప్ప చేతిలో పడేసినాడు, దానితో పని తీరిపోయింది కాబట్టి. "నా రంగప్పా ఇది! కోడి ఇప్పుడు పెట్టింది, నేను ఏడేండ్ల ముందే పెట్టినా. కిరణూ, అటక ఎక్కు. మూటలు దించు."

మూటలు దిగినాయి. వేపాకు, దుమ్ము, జెర్రి ఒకటి. వీధి నడుమ చాప పరిచి రాయుడు తన చేత్తోనే చీరలు విప్పినాడు. సుంకప్ప ఒక్కొక్కటి పట్టుకొని లాగి చూసినాడు, వెలుతురుకు పట్టి చూసినాడు, వెనక్కి తిప్పి చూసినాడు.

"చూడు, చూడు," అన్నాడు రాయుడు, పొట్ట ముందుకు పెట్టుకొని. "ఒక్క దారం తెగిండాదేమో చూడు. ఒక్క ముడి ఉండాదేమో చూడు. ఇన్నేండ్లు అటక మీద ఉన్నా చెక్కు చెదరల్యా. ఇట్లాంటి పని జిల్లాలో చూపించు నాకు. మీసాలు తీసేస్తా."

"నిజమేనప్పా," అన్నాడు సుంకప్ప. "ఈమధ్య మీ చీరల్లో ముడులు తగులుతాండాయి. వీటిలో లేవు. మొత్తం వేసుకుపోతా. ఇంకా నేయించు, కానీ ఇదే పనితనం ఉండాల. ఇదే చెయ్యి."

ఈరప్ప తన రంగు చేతులను పంచెకు తుడుచుకున్నాడు. ఏనాటికీ పోని రంగు అది, ఊరికే తుడుచుకున్నాడు. తీరిగ్గా అడిగినాడు.

"రాయుడన్నా, ఈ పడుగులు ఎవురు అతికింది?"

వీధి కండ్లన్నీ రామాంజినమ్మ వైపు తిరిగినాయి. నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాయుడు ఒక చీర చేతిలో పట్టుకొని, నోరు కొంచెం తెరుచుకొని, లెక్క తప్పిన మనిషిలాగా చూసినాడు. ఆయనకు రెండు దారులు ఉన్నాయి. చెయ్యి చెడ్డదంటే చీరలు చెడ్డవి, సుంకప్ప ధర్మవరం పోతాడు. చీరలు మంచివంటే, తాను ఇప్పుడే నోరారా అన్నదంతా నిజం. రెండిట్లో ఒకటి ఎంచాల. ఎంచడం ఆయనకు ఎప్పుడూ రాదు. మీట ఎక్కడన్నా కనబడుతుందా అన్నట్టు అటూ ఇటూ చూసినాడు.

ఆయన కోసం సుంకప్పే ఎంచినాడు.

"ఎవురమ్మా అతికింది? నువ్వా?" అన్నాడు, అందరి కండ్లు ఎటు తిరిగినాయో చూసి. "మంచి చెయ్యమ్మా నీది."

రాయుడు వెంటనే అందుకున్నాడు. "కాదా మరి! మా రామాంజి చెయ్యంటే ఏమనుకున్నావప్పా? ఆ పొద్దునుంచీ చెప్తానే ఉండా," అన్నాడు. ఒక్కరు కూడా నవ్వలేదు. ఆయన మీద ఖర్చు పెట్టేంత నవ్వు వీధిలో ఎవరి దగ్గరా లేదు.

జీపు పోయింది. కుళ్లాయప్ప చేతిలో గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది. రామాంజినమ్మ దాన్ని అందుకొని, గుంతలోకి వంగి, కోడి రెక్క కింద పెట్టింది. కోడి ఆమెను పొడవలేదు.

వారం తిరిగేలోపల ఈరప్ప ఆరబెట్టిన పడుగు కుళ్లాయప్ప ఇంటికి వచ్చింది. అదే దుమ్ము రంగు. నాగలక్ష్మమ్మ అలవాటుగా గడప దాకా వచ్చి, అక్కడే నిలబడి, "నేను పోతా మా, పొయ్యి మీద ఎసరు ఉండాది," అని వెనక్కి తిరిగింది. రామాంజినమ్మ కూడా అలవాటుగానే లేచి, మూలన ఉన్న ఖాళీ బిందె చంకన పెట్టుకుంది.

"యాడికి పోతాండావు?" అన్నాడు కుళ్లాయప్ప.

ఆమె బిందె వైపు చూసుకుంది. కింద పెట్టింది. పొయ్యిలో నుంచి ఇంత బూడిద తెచ్చుకొని మగ్గం ముందర కూర్చుంది. పాత దారం కొస ఒకటి, కొత్త దారం కొస ఒకటి, రెండూ కలిపి మెలిపెట్టి లాగింది. తెగలేదు. ఇంకొకటి అందుకుంది.

గుంతలో చిటపటమని సద్దయ్యింది. ఒక పెంకు చీలింది. తడి తడిగా ఒక పిల్ల బయటికి వచ్చి, అమ్మ బూడిద రంగే, తూలుకుంటా నిలబడింది. తర్వాత ఇంకొకటి. చింతచిగురు రంగు, నేరేడు రంగు, దుమ్ము రంగు పెంకులన్నీ చూస్తుండగానే ముక్కలైనాయి.

సాయంత్రం రామాంజినమ్మ ఆ పెంకులను చేటలోకి ఎత్తి, కసువుతో కలిపి, దిబ్బ మీద పారబోసింది. వాటికోసం ఎవరూ రాలేదు.